గట్టు మలుపులో పన్నెండడుగుల ట్రైలర్

వరద డ్యూటీ మీద నరసన్నపేటలో దిగేసరికి తెల్లవారింది. ముసురు. పిక్కల దాకా బురద. నాకు అప్పగించినవి మూడు: పికప్, వైర్‌లెస్ సెట్టు, రబ్బరు పడవ ఎక్కించిన పన్నెండడుగుల ట్రైలర్. సొంత జిల్లాలో డ్యూటీ పడటం నా సర్వీసులో అదొక్కసారే.

వైర్‌లెస్‌లో మా పటాలం సుబేదారు గారి గొంతు. "గెడ్డ అవతల ఊరు మునిగింది. బడి మేడ మీద నిండు చూలాలు, నొప్పులు మొదలయ్యాయి. వెంటనే తీసుకురా. ఓవర్."

గెడ్డంటే మా వైపు వాగు. అక్కడిదాకా సన్నటి గట్టే దారి. రెండు పక్కలా నీళ్లు. మధ్యలో ఒక ఇరుకు మలుపు.

అప్పటికే మత్స్యకారులు తమ పెద్ద తెప్పను ఇరవై నాలుగడుగుల ట్రైలర్ మీద తెచ్చి నిలబెట్టారు. వాళ్లలో పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ మేడ మీదున్నాది నా కూతురు బాబూ. మా తెప్పయితే ఊరంతా ఒక్క సుట్టులో వచ్చేస్తాది. ఆ సిన్నదెందుకు?"

ఆయన తొందర నాకు అర్థమైంది. కానీ జీవితమంతా ఇసుక మీద తెప్పలు లాగినవాళ్లు వాళ్లు. ఇసుకలో మలుపులుండవు. పడవను చూసి ట్రైలర్ ఎంచారు, దారిని చూడలేదు.

వాదన పెట్టుకుంటే పొద్దు పోతుంది. మలుపు దగ్గరికి నడిపించి, ఇరవై నాలుగడుగుల తాడు తీశాను. "మావా, నేను పికప్పుని, నువ్వు ట్రైలర్‌వి. తాడు వదలకు. నేను లాగినట్టే రా."

నేను బయటి అంచు వెంబడి తిరిగాను. తాడు ఆయన్ని లోపలి వైపుకి లాగేసింది. నడుం దాకా నీళ్లలో దిగిపోయాడు.

"ఓలమ్మో! ట్రైలర్ ములిగిపోనాది!" ఎవరో అరిచారు. అంత కష్టంలోనూ అందరూ నవ్వారు. తాడు సగానికి మడిచి మళ్లీ తిరిగాం. ఈసారి ఆయన గట్టు మీదే ఉన్నాడు.

"నీ సిన్నదే కట్టు బాబూ," అన్నాడు మావ.

పడవ ఇంజిను ముందు వైపుకి జరిపించాను. వెనక బరువైతే ట్రైలర్ తోక ఆడిస్తుంది. ఈలోగా నీళ్లు పెరిగి గట్టు అంచు మాయమైంది. అంచు ఎక్కడుందో తెలియడానికి తామే నిలబడతామని మావతో సహా మత్స్యకారులు మలుపు లోపలి వైపు వరుసగా నీళ్లలోకి దిగారు.

"మలుపు దాటాం సార్. ఓవర్," అన్నాను. గెడ్డలో పడవ దింపాం. ఆమెను తెచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. మిగతావాళ్లను పొద్దుగూకేలోగా నాలుగు సుట్లలో దాటించాం.

డ్యూటీ ముగిసింది, తర్వాత సర్వీసూ ముగిసింది. ఇప్పుడు ఊళ్లో ఎవరు ట్రైలర్ కొన్నా పొడవెంత ఉండాలని నన్నే అడుగుతారు. నేను చెబుతూనే ఉంటాను, నా కళ్లకు మాత్రం ఆనాటి మలుపులో, పికప్ అద్దంలో మావే కనిపిస్తాడు. రొమ్ముల్లోతు నీళ్లలో ఉన్నాడు. ట్రైలర్ చక్రం ఆయన మొహానికి జానెడు దూరంలో వెళుతోంది. ఆయన వెనక్కి జరగడం లేదు. చెయ్యెత్తి, పోనీ పోనీ అంటున్నాడు.