కిక్కిస గొట్టంలో బలపం

మా మనవరాలు ఏలూరులో ఒక పెన్ను కొనుక్కొచ్చింది. లాగితే పొడుగు, నొక్కితే పొట్టి. "కొత్తగా కనిపెట్టారు అమ్మమ్మా" అంది. ఎవరండీ కనిపెట్టింది?

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బలపం అరిగితే వేళ్లకు అందేది కాదు. మూడో తరగతిలో నేను కొల్లేటి గట్టున కిక్కిస గడ్డి బోలు కాడలు కోసి, లావు గొట్టంలో సన్న గొట్టం దూర్చి, చివర బలపం ముక్క బిగించాను. నా చేతికి పొట్టిగా, అక్క చేతికి పొడుగ్గా సర్దేదాన్ని. పలకంతా పచ్చి గడ్డి వాసన.

మాస్టారు చూసి, "బలపం పట్టుకోవడం చేతకాక ఈ వేషాలా?" అని లాక్కున్నారు. మర్నాడు దానికే సుద్దముక్క బిగించి, పొడుగ్గా లాగి, బోర్డు పైఅంచున తేదీ రాశారు.

"అది నాదండీ మాస్టారూ."

"ముందు పన్నెండో ఎక్కం చెప్పు."

తప్పు లేకుండా చెప్పాను. నా గొట్టం మాత్రం ఇంతవరకు ఇవ్వలేదు.