చెయ్యి పడని దివాను

డెల్ఫోర్ బగ్నాస్కో దివాన్లకు తోలు వేస్తాడు. బ్యూనస్ అయిర్స్‌లో, వీయా క్రెస్పో పేటలో, ఇంటి ముందున్న రేకుల షెడ్డులో ముప్పై నాలుగేళ్లుగా అదే పని. కుర్చీలూ చేస్తాడు. కానీ అతన్ని నిలబెట్టింది దివాన్లే.

ఈ ఊళ్లో సైకాలజిస్టు లేని వీధి లేదు. సైకాలజిస్టు ఉన్నచోట దివాను ఉంటుంది. రోజుకు ఎనిమిది మంది దాని మీద వెల్లకిలా పడుకుని మాట్లాడతారు. తలవైపు జిడ్డు పడుతుంది. కాళ్లవైపు బూటు మడమలు తోలును తినేస్తాయి. నడుము దగ్గర గుంట పడుతుంది.

జనవరి ఇక్కడ నడి ఎండాకాలం. సైకాలజిస్టులంతా సముద్రం ఒడ్డుకు పోతారు. మార్చి ఒకటిన తిరిగొస్తారు. ఆ రెండు నెలలూ ఊళ్లో ఎవరికీ పిచ్చెక్కదు. ఎక్కినా మార్చిదాకా ఆపుకుంటారు. ఖాళీగా ఉన్న దివాన్లు అప్పుడే షెడ్డుకు వస్తాయి. ఆ ఏడాది పదకొండు వచ్చాయి.

గుడ్డ కొయ్యడం ఒక్కడి పని కాదు. ఒకరు అంచు పట్టుకుని బిగువుగా లాగాలి, ఒకరు సుద్దగీత వెంట కత్తెర నడపాలి. పట్టుకునేది అన్న నజరేనో. కోసేది డెల్ఫోర్. కోసేవాడు తలెత్తడు. తలెత్తితే గీత తప్పుతుంది.

జనవరి తొమ్మిదిన, పొద్దున పదకొండు గంటలకు, బూడిదరంగు ఉన్నిగుడ్డ కోస్తుండగా అది వదులైంది.

"గట్టిగా లాగు. నిద్రపోతున్నావా?" అన్నాడు డెల్ఫోర్, తలెత్తకుండానే.

గుడ్డ ఇంకా వదులైంది.

"తిండికైతే చేతులొస్తాయి నీకు. లాగరా, సోమరిపోతా!"

మూడోసారి తిట్టబోయి తలెత్తాడు. నజరేనో బల్లకాలికి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. గుడ్డ అంచు పిడికిట్లో అలాగే ఉంది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఎంతసేపైందో డెల్ఫోర్ అడగలేదు.

అన్నతో తను ఆడిన ఆఖరి మాట ఏమిటో అతను ఎవరికీ చెప్పలేదు. భార్య సులేమాకు కూడా.

అంత్యక్రియలైన నాలుగోరోజు షెడ్డు తలుపు తీశాడు. గుడ్డ పరిచాడు, గీత గీశాడు. కత్తెర పెట్టాడు. చెయ్యి కదల్లేదు. వణకలేదు, నొప్పి పెట్టలేదు. ఊరికే కదల్లేదు, అంతే. సులేమా అంచు పట్టుకుని నిలబడింది. బడి వంటగదిలో పని ఆమెది, సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉంది. పావుగంట చూసి అంచు వదిలేసింది.

"ఇది చేతి రోగం కాదు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లు."

"నీ డాక్టరమ్మ దగ్గరికే వెళ్తాను. మంచిదంటావుగా?"

"నా డాక్టరమ్మ జోలికి రావద్దు. పదకొండేళ్లుగా ప్రతి మంగళవారం ఆవిడ దగ్గర నీ మీద చాడీలు చెప్పుకుంటున్నాను. ఇప్పుడు నువ్వు కూడా వెళ్లి కూర్చుంటే నేనెక్కడికి పోవాలి?"

అది న్యాయమే. ఒక ఇంట్లో ఇద్దరిని ఒకే సైకాలజిస్టు చూడకూడదు. అందరికీ తెలిసిన నియమం.

డెల్ఫోర్ తనకు తెలిసిన సైకాలజిస్టులకు ఫోన్లు మొదలుపెట్టాడు. ముందు పెర్లా ష్వార్స్‌మన్‌కు. ఆమె దివానుకు అతను ఇప్పటికి నాలుగుసార్లు తోలు మార్చాడు. ఐదోసారి మార్చాల్సిన దివాను షెడ్డులోనే ఉంది. ఫోన్లో సముద్రం గాలి హోరుమంది.

"అయ్యో డెల్ఫోర్! నజరేనో పోయాడా? మొన్న దివాను దించేటప్పుడు నన్ను ఎంత నవ్వించాడు!" అని ఆమె ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, "కానీ నిన్ను నేను చూడకూడదయ్యా. నువ్వు మా ఇంటి మనిషివి. నా పేషెంట్ల గుట్టు కూడా నీకు తెలుసు" అంది.

"ఎలా తెలుస్తుంది?"

"మడమల అరుగుదల చూసి నువ్వే చెప్పావుగా, నా పేషెంట్లలో సగంమంది లేచిపోదామనే చూస్తున్నారని!"

మిగతావాళ్లూ ఏదో ఒక రకంగా అదే చెప్పారు. నువ్వు మాకు తెలుసు, కుదరదు. ఇరవైమూడు మందికి ఫోన్ చేశాక లెక్క అర్థమైంది. తన చెయ్యి పడని దివాను ఎక్కడుందో వెతుక్కోవాలి.

అది తేలిక కాదు. పైగా జనవరి. "సముద్రానికి వెళ్లని సైకాలజిస్టంటే ఏదో తేడా ఉన్నట్టే" అంది సులేమా. అయినా మందుల షాపాయన ఊళ్లోనే ఉన్న ముగ్గురి పేర్లు రాసిచ్చాడు. డెల్ఫోర్ ముగ్గురి దగ్గరికీ వెళ్లి, మాట్లాడ్డానికి ముందు దివాను చూశాడు. అతని దగ్గర ఒక కొలత ఉంది. గుంట ఎంత లోతైతే అంత మంది వచ్చినట్టు. అంత మంది వచ్చారంటే డాక్టరు మంచివాడైనట్టు. మొదటి ఇద్దరి దివాన్లు బల్లల్లా ఉన్నాయి. మూడోది బెల్గ్రానో పేటలో, ముసలి డాక్టరు ఎచార్ట్‌ది. గుంట గంగాళంలా ఉంది. ఇక్కడ మనుషులు నిజంగానే బరువు దించుకున్నారు అనుకున్నాడు.

వారానికి రెండుసార్లు వెళ్లాడు. ఎచార్ట్ తలవెనక కుర్చీలో కూర్చునేవాడు. మాట్లాడేవాడు కాదు. డెల్ఫోర్ పడుకోగానే వీపు కింద ఒక స్ప్రింగు తగిలేది.

"ఎడమవైపు మూడోది విరిగింది డాక్టరు గారూ."

వెనక కాగితం తిరగేసిన చప్పుడు.

"లోపల గుర్రపు వెంట్రుకలు వేసినట్టున్నారు. మంచిదే. కానీ అంచు కుట్టినవాడికి చేత కాలేదు."

"ఊఁ..." అనేవాడు ఎచార్ట్, రాసుకుంటూ.

మూడు సార్లూ అంతే. స్ప్రింగుల గురించి అన్నీ చెప్పాడు. నజరేనో పేరు రాలేదు. మూడోసారి బయటికొస్తుంటే వాచ్‌మన్ పైపుతో పేవ్‌మెంటు కడుగుతున్నాడు.

"డాక్టరు గారి దగ్గరికేనా? రెండున్నర నుంచి నాలుగు దాకా మాత్రం రాకండి. నిద్రపోతారు."

"ఎక్కడ?"

"ఇంకెక్కడ? ఆ దివాను మీదే. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. మనిషి నూటపది కిలోలు. పేషెంట్లంటారా, వారానికి ముగ్గురో నలుగురో."

డెల్ఫోర్ ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పాడు. సులేమా నేలమీద కూర్చుని నవ్వింది. అతనూ నవ్వాడు. అన్న పోయాక అదే మొదటిసారి. కానీ మర్నాడు కత్తెర అలాగే ఆగింది.

తర్వాత ఫోన్ తెరలో కనబడే కుర్రడాక్టరు ఒకతను. వెనకాల అతని వంటగది, గిన్నెలు. ఊపిరి ఎలా పీల్చాలో నేర్పాడు. మంచివాడే. డెల్ఫోర్‌కు నిద్ర కూడా కొంచెం మెరుగైంది.

"ఇప్పుడు మీ చుట్టూ ఉన్నవి ఐదు చూసి, నెమ్మదిగా పేర్లు చెప్పండి."

డెల్ఫోర్ షెడ్డు చుట్టూ చూశాడు.

"దివాను. దివాను. దివాను."

"వేరే ఏమైనా?"

"బల్ల ఉంది. దాని గురించి చెప్పలేను."

'ఎందుకు?' అని కుర్రవాడు అడగలేదు. అడగాలని తోచలేదో, అడిగితే తట్టుకోలేడనుకున్నాడో. టైమైందని గంట మోగింది, తెర ఆరిపోయింది. డెల్ఫోర్ మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

ఫిబ్రవరి వచ్చింది. పదకొండు దివాన్లూ ఒకదాని మీద ఒకటి, తోలు ఒలిచి, ఎముకలు బయటపడి ఉన్నాయి. మార్చి ఒకటికి ఇవ్వకపోతే వేరే షెడ్డుకు పోతాయి. పోయినవి తిరిగిరావు. సైకాలజిస్టులు పనివాణ్ణి మార్చరు, మారిస్తే మళ్లీ పాతవాడి దగ్గరికి రారు. డెల్ఫోర్‌కు వేరే పని రాదు. వయసు యాభై తొమ్మిది.

దివాను తీసుకెళ్లమని చెప్పడానికి పెర్లాకు ఫోన్ చేశాడు. ఆమె అది వినిపించుకోలేదు.

"ముందిది చెప్పు. ఎవరైనా దొరికారా?"

అతను ఎచార్ట్ గురించి చెప్పాడు, కుర్రవాడి గురించి చెప్పాడు. పెర్లా నవ్వలేదు.

"తప్పు వాళ్లది కాదు డెల్ఫోర్. దివాను నీకు పనికిరాదు. దాని మీద పడుకోగానే నువ్వు పేషెంటువి కావు, పనివాడివి. దివాను లేని చోటికి వెళ్లు."

"దివాను లేని సైకాలజిస్టు ఉంటారా?"

"దివాన్లు కొనే స్తోమత లేని చోట ఉంటారు. మీ పేటలో సర్కారు ఆరోగ్య కేంద్రం ఉంది చూడు. వాళ్లకు సెలవులూ ఉండవు."

అతను ఆ కేంద్రం ముందు నుంచి ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాడు. టీకాలకు మాత్రమే అనుకున్నాడు. పొద్దున ఆరింటికి లైన్లో నిలబడ్డాడు. ముందు గర్భిణులు, పిల్లలు, దగ్గే ముసలివాళ్లు. గురువారం రమ్మన్నారు.

గదిలో ఒక ఫ్యాను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆమె పేరు అయెలెన్. ముప్పై దాటి ఉండదు. దేశం దక్షిణపు కొస నుంచి వచ్చిన పిల్ల, మాట నెమ్మది. మాతే అనే ఆకు టీ కాచి సొరబుర్రలో పోసి అతని చేతికిచ్చింది. ఎదురుగా కూర్చుంది.

డెల్ఫోర్ అలవాటుగా కుర్చీ చూశాడు. ప్లాస్టిక్‌కు కుట్టు ఉండదు. చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఇంక ఆమె మొహం చూడాల్సి వచ్చింది.

"చెయ్యి కదలడం లేదమ్మా" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మా అన్న పోయిన దగ్గర్నుంచి. గుండె ఆగింది. అరవై రెండేళ్లు. సిగరెట్లు బాగా తాగేవాడు. డాక్టర్లు వద్దన్నా..."

"అది సరే డెల్ఫోర్ గారూ. ఆ పొద్దున ఏమైంది?"

ఇన్నాళ్లలో ఎవరూ అలా అడగలేదు. ఆమె కాగితం మీద ఏమీ రాయడం లేదు. అతను చెప్పాడు. గుడ్డ రంగు, సుద్దగీత, మొదటి వదులు, రెండో వదులు. తను అన్న రెండు మాటలూ అన్నట్టే చెప్పాడు, అదే గొంతుతో. పక్కగదిలో ఎవరో పసివాడు ఏడుస్తున్నాడు.

అయెలెన్ వెంటనే ఓదార్చలేదు.

"రోజూ అలాగే తిట్టుకునేవాళ్లా?"

"రోజూ."

"మామూలు రోజైతే ఆయన ఏమనేవారు?"

డెల్ఫోర్ అన్న గొంతు తెచ్చుకుని చెప్పాడు.

"'ముందు తిన్నగా కోయడం నేర్చుకోరా, తర్వాత నాకు చెబుదువుగాని' అనేవాడు."

"చిన్నప్పుడు, మీ అమ్మగారి ముందు కూడానా?"

"అమ్మ ముందైతే ఇంకా ఎక్కువ."

అప్పుడు ఏడ్చాడు. ఆమె అతని చేతిలోని బుర్ర తీసుకుని పక్కన పెట్టింది. టైమైపోయిందని అనలేదు. బయట లైన్లో వాళ్లు తలుపు కొట్టాక, "వచ్చే గురువారం ఇదే టైముకి" అంది.

ఆ రాత్రి సులేమా అడిగింది. "ఎలా ఉంది ఆవిడ?"

"పర్వాలేదు."

"పేరేంటి?"

"చెప్పను. రేపు నువ్వు కూడా వెళ్తావు."

రెండో గురువారం తర్వాత సులేమాను అంచు పట్టుకోమన్నాడు. కత్తెర జానెడు నడిచింది, ఆగింది. అతను తలెత్తి ఆమెను చూశాడు. ఆమె నిలబడే ఉంది. మళ్లీ జానెడు. ప్రతి జానెడుకూ తలెత్తి చూస్తాడు కాబట్టి గీత తప్పేది. మొదటి గుడ్డ పాడైంది, రెండోది పాడైంది. మూడోది అంచు మడిచి కుడితే సరిపోయింది.

"ఇలా చూస్తూ కోస్తే ఏడాది పడుతుంది" అంది సులేమా.

"పట్టనీ."

మార్చి ఒకటికి నాలుగు దివాన్లయ్యాయి. ముగ్గురు సైకాలజిస్టులు తమవి తీసుకుని వేరే షెడ్డుకు పోయారు. నలుగురు ఆగుతామన్నారు. పెర్లా రోజూ ఫోన్ చేసేది.

"నా పేషెంట్లు కుర్చీల్లో కూర్చుని నా మొహం చూస్తున్నారు డెల్ఫోర్. నలభై ఏళ్ల అనుభవం నాది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఎప్పుడిస్తావు?"

"రెండు వారాలు పడుతుంది."

"రేపైనా కొంచెం పని జరుగుతుందా?"

"రేపు గురువారం. రేపు కుదరదు" అన్నాడు డెల్ఫోర్.