అమ్మ పీల్చే గ్యాసు

మా అన్నయ్య రైలు ఏసీ పెట్టెల్లో గ్యాసు నింపే మెకానిక్కు. లోకంలో ఉన్న గ్యాసులన్నీ తనకే అర్థమవుతాయని ఆయనగారి గట్టి నమ్మకం.

అమ్మకు ఉబ్బసం. డాక్టరమ్మ ఇన్‌హేలర్ రాసిచ్చిన రోజున, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టర్లో అన్నయ్య ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి, దాని మీది అక్షరాలు చదివి అంతెత్తున లేచాడు.

"ఇది మా సిలిండర్ల మీద ఉండే పేరేనే! ఏసీ గ్యాసు అమ్మ సేత పీలిపిస్తారేటి?"

"మందుని లోపలికి తొయ్యడానికి రవ్వంత ఉంటాదట, అన్నయ్యా."

"నీకేటి తెలుసు? రోజూ నింపినోణ్ణి నేను."

ఇన్‌హేలర్‌ను తన పనిముట్ల పెట్టెలో పడేసి తాళం వేశాడు. అంత జాగ్రత్తపరుడూ తిన్నగా వరండాలోకి వెళ్ళి, గోల్‌బజార్లో చాటుగా కొన్న వేప్ అనే ఈ-సిగరెట్టు గొట్టం నోట్లో పెట్టుకుని స్ట్రాబెర్రీ పొగ వదిలాడు. అదేమిటని అడిగితే, "ఒట్టి ఆవిరే. గ్లిజరిన్. కేకుల్లో ఏస్తారు, పెదాలకి రాసుకుంటారు" అన్నాడు. పెదాలకు కొబ్బరినూనె కూడా రాసుకుంటాం. ఊపిరితిత్తుల్లో పోసుకోం కదా!

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం, పక్కింటివాళ్ళు ఎండుమిరపకాయలు వేయిస్తుంటే ఆ ఘాటుకు అమ్మకు ఆయాసం ఎత్తుకుంది. మాట రాలేదు. గోడ పట్టుకుని నా వైపే చూస్తోంది. మందు పెట్టెలో ఉంది, తాళంచెవి డ్యూటీకి వెళ్ళిన అన్నయ్య జేబులో ఉంది. చెప్పులైనా వేసుకోకుండా మందుల షాపుకు పరిగెత్తాను. "దాదా, మా అమ్మకి..." అనేలోపే, అమ్మ మందేదో ఎరిగిన బెంగాలీ షాపాయన ఇన్‌హేలర్ చేతిలో పెట్టాడు. అది పీల్చాక గానీ అమ్మ గోడ వదల్లేదు.

సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు అన్నయ్య తన సిలిండర్ పాండిత్యమంతా ఒలకబోశాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. పేరు అదే అయినా ఇన్‌హేలర్లోది మందు కోసం శుద్ధి చేసిన గ్యాసట, ఉండేది కొంచెమేనట, ఊపిరితో బయటికి వచ్చేస్తుందట, పీల్చినవాళ్ళకు ఏమవుతుందో పరీక్షించాకే అమ్ముతారట. తినే గ్లిజరిన్‌ను వేడిచేసి ఏళ్ళ తరబడి పీలిస్తే ఏమవుతుందో మాత్రం ఎవరూ పూచీపడలేరట. అన్నయ్య "ఠీక్ హై" అన్నాడు. గేటు దాటగానే, "ఆవిడెప్పుడైనా ఏసీ ఇప్పిందేటి?" అన్నాడు.

ఇప్పుడు అన్నయ్య బూట్ల చప్పుడు వినబడితే చాలు, అమ్మ ఇన్‌హేలర్‌ను రొంటిన దోపుకుని పైట కప్పుకుంటుంది. చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. కన్నకొడుకు వరండాలో కాలు మీద కాలేసుకుని పొగ వదులుతుంటే, ఆయాసం వచ్చిన తల్లి పెరట్లోకి వెళ్ళి, ఇన్‌హేలర్ చప్పుడు వినబడకుండా కొళాయి తిప్పి, మందు పీల్చుకుని వస్తుంది.