ఎర్ర నాడా కట్టలో ఒక ఉత్తరం

లండన్ టంకశాల గుమాస్తా పెనిఫాదర్ మా వంటింటి గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. "మార్చి పదకొండున రాసిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు లేదు! మీ ఊరి ఆడాళ్ళు ఉత్తరాలతో పొయ్యి రాజేస్తున్నారా?"

దొరగారి ఉత్తరాలు చూసేది థిర్జా బూర్మన్. మేడెక్కింది, మడత పెట్టిన కాగితం పట్టుకుని దిగింది, దాన్ని వెనక్కి తిప్పి ఆయన ముక్కు కింద పెట్టింది.

"చదవండయ్యా, చదువుకున్నవారు కదా."

ఉత్తరం ఏ రోజు వచ్చిందీ, జవాబు ఏ రోజు ఏ బండిలో వెళ్ళిందీ, అన్నీ దాని వీపు మీద ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి.

"మీ జవాబు మీ సొరుగులోనే ఉంటుంది. టోపీ పెట్టుకుని వెళ్ళి వెతుక్కోండి."

మూడో రోజుకి క్షమాపణ ఉత్తరం వచ్చింది. సొరుగులోనే దొరికిందట. థిర్జా దాని వీపు మీదా రాసింది: "పెనిఫాదర్. సొరుగు."

ఆ రోజు ఎంత నవ్వానో! థిర్జా వీపు రాత తప్పడమంటే సూర్యుడు పడమట పొడిచినట్టేనని అప్పట్లో నా నమ్మకం. తన నమ్మకమూ అదే.

మా దొరగారు సర్ ఆంబ్రోస్ టిల్లార్డ్ పుట్టింది నక్షత్రాలు చూడటానికి. రాణిగారి సర్కారు ఆయన్ని పట్టుకెళ్ళి నాణేలు చూసుకోమంది. ఐదేళ్ళు టంకశాల ఏలారు. వారమంతా లండన్‌లో, ఆదివారం ఇక్కడ కెంట్‌లో. ఉత్తరాలు మాత్రం సంచులకొద్దీ ఇక్కడికే వచ్చేవి. థిర్జా వడ్రంగి కూతురు, దుమ్ము దులపడానికి చేరిన పిల్ల. బల్ల మీది కాగితాలు తను సర్దిన తీరు చూసి, దొరగారు ఉత్తరాల పనంతా తనకే అప్పజెప్పారు. ఆకాశం ఉత్తరాలకి నీలం నాడా, టంకశాల ఉత్తరాలకి ఎర్ర నాడా. నేను చాకిరేవు దాన్ని. నా చదువు ఆదివారం బడితో సరి, నా అక్షరాలు వంకర. నా మాట మాత్రం వంకర కాదు.

ఆయన టంకశాలకి వెళ్ళిన ఏడాది దేశమంతా ఒకటే గోల. కొత్త రెండు షిల్లింగుల నాణెం మీద ఎప్పుడూ ఉండే దేవుడి పేరు వెయ్యలేదు. ఆ నాణెం అచ్చు వేసింది ఆయన కాదు, ఆయనకి ముందున్నవాళ్ళు. తిట్లు మాత్రం ఆయనకే. పాదరీలు, కసాయివాళ్ళు, ముసలమ్మలు, అందరూ రాశారు. థిర్జా రెండు వరుసలు చదివేది, వీపు మీద "దేవుడు. జవాబు అక్కర్లేదు" అని రాసేది, ఎర్ర నాడా కట్టేది. రోజుకి నలభై.

దొరగారు మొన్న చలికాలంలో పోయారు. కొడుకు గారు వచ్చి నీలం కట్టలు ఉంచమన్నారు, ఎర్రవి నా బట్టల కాగు కింద మంటలో వెయ్యమన్నారు. బుట్టలతో తెచ్చి నా దగ్గర పెట్టారు. ఆ సాయంత్రం థిర్జా గదిలో టీ తాగుతూ, దిగులుగా ఉందని నవ్వించబోయి మా పుట్టింటి ఊసెత్తాను.

"మా మార్ష్‌లో, ఆ సముద్రపు ఒడ్డు చిత్తడి నేలల్లో, ఒబదయ్య కూల్‌ట్రిప్ అని గొర్రెల కాపరి ఉన్నాడులే. తోకచుక్కని లోకంలో అందరికంటే ముందు తనే చూశాడట! దాన్ని కనిపెట్టానని పేరు కొట్టేసిన జర్మనీ ఆయన మూడు వారాల తర్వాత చూశాడట! మన దొరగారికి రాశాడట, జవాబొస్తుందట! ఇరవై ఏళ్ళయింది. బీరు కొట్లో అడుగు పెడితే చాలు, 'ఏం మామా, టపా వచ్చిందా?' అంటారు. నేనూ అన్నాను, మొన్న పండక్కి."

థిర్జా నవ్వలేదు. కప్పు కింద పెట్టింది.

"ఏ ఏడాదే?"

"ఆ దేవుడి నాణెం గోల ఏడాది."

"కాపరి కదా. కాగితం ఒక్కటే ఉండి ఉంటుంది కదూ?"

నాకేం అర్థమవుతుంది? తను లేచిపోయింది. ఆ రోజు నుంచి నా కాగు దగ్గరే కాపురం. నేను మంట పెడుతుంటే తను బుట్ట లాక్కుంటుంది. ఒక్కో కట్ట విప్పడం, చూడటం, కట్టడం. కూర్చోదు. తినదు. "బట్టలుతకనిస్తావా లేదా?" అని కసిరాను. వింటేనా! తొమ్మిదో రోజున దొరికింది.

కాగితం నిండిపోతే మాలాంటి పేదవాళ్ళం దాన్ని పక్కకి తిప్పి, రాసిన వరుసల మీదుగానే అడ్డంగా రాస్తాం. వల అల్లినట్టుంటుంది. ఒబదయ్య మొదటి వరుసల నిండా దేవుడి పేరూ నాణెమూ. అడ్డ వరుసల్లో మాత్రం: "అయ్యా, మూడు తెల్లవారుజాములు సముద్రం పైన జుట్టున్న చుక్క చూశాను. ఇంతకు ముందు లేదు. గుర్తుకి నేలలో కర్రలు పాతాను. ఎవరికైనా తెలుసునేమో దయచేసి చెప్పండి." కింద తేదీ ఉంది, జర్మనీ ఆయన చూసినదానికి మూడు వారాల ముందుది. వెనక్కి తిప్పితే ముత్యాల్లాంటి అక్షరాలు: "దేవుడు. జవాబు అక్కర్లేదు."

అప్పటి నుంచి మనిషికి నిలకడ లేదు. మెట్లెక్కుతుంది, దిగుతుంది, కిటికీ తెరుస్తుంది, మూస్తుంది. కాళ్ళు వాచి డాక్టరు మంచానికి కట్టేశాడు. మంచంలోనూ దుప్పటి అంచు ముడులు వేస్తుంది, విప్పుతుంది.

"పోనీలేవే," అన్నాను. "దొరగారే పోయారు. ఇంక ఎవరికి నష్టం?"

"దొరగారికి కాదే డోర్కాస్. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషిని అబద్ధాలకోరు అంటున్నారు. నువ్వూ అన్నావు, నా టీ తాగుతూ."

కాగితం అందుకుని మడత పెట్టాను. 

"దీన్ని ఆయనకి టపాలో వేద్దాం," అన్నాను.

"టపాలో వద్దు. మళ్ళీ ఇంకో కాగితమా!" నా చెయ్యి పట్టుకుంది. ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. "గురువారం సంత బండెక్కు. బీరు కొట్టు నిండుగా ఉన్నప్పుడు వెళ్ళు. అడ్డ వరుసలు కంఠతా పట్టు, నేను చెబుతాను. అందరి ముందూ చదువు, తేదీతో సహా. తర్వాత వెనక్కి తిప్పి నా రాత చూపించు. దొరగారి పేరు ఎత్తకు. ఇది థిర్జా బూర్మన్ తప్పు అని చెప్పు. కాగితం ఆయన చేతిలోనే పెట్టు. ఆయన ఏమంటే అది పూర్తిగా విను, మధ్యలో నోరు తెరవకు. తిట్టినా సరే, ఒక్క మాట తగ్గించకుండా తెచ్చి నాకు చెప్పు."