అడగని ఉత్తరం

మా ముత్తాతగారు జగ్గయ్యపేట పక్క ఊరికి మునసబు. ఆయన తరువాత మా తాతగారు. ప్రభుత్వం ఆ ఉద్యోగాలు తీసేసేదాకా శిస్తు గొడవైనా, గట్టు తగాదా అయినా మా అరుగు దగ్గరికే వచ్చేది. తాతగారు చేతుల కుర్చీలో కూర్చుని, కింద నిలబడ్డ మనిషిని "ఏం కావాలి?" అనేవారు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగరు. నేను ఎమ్మెస్సీకి వచ్చేసరికి అరుగు కింద నిలబడేవాళ్లు లేరు. కుర్చీ ఉంది.

ఎమ్మెస్సీలో ఒక మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద మలేరియా క్రిమి ప్రొటీన్ ఒకటి మెల్లగా తిరుగుతుంటే చూశాను. రంగు రిబ్బన్లు చుట్టి వదిలినట్టుంది. మందు దాన్ని ఎక్కడ పట్టుకుంటుందో లెక్కకట్టి ముందే చెప్పవచ్చన్నారు మా సారు. ఆ రోజు నుంచి నాకు మరో పని మీద మనసు నిలవలేదు. చేస్తే పీహెచ్‌డీ అందులోనే చేయాలి. బెంగుళూరులో ఒక ప్రొఫెసరు ల్యాబ్‌లో ఒక్క చోటు ఖాళీ ఉందని తెలిసి, పేటలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి ఆయనకు మెయిల్ రాశాను.

నాతో చదివిన వీరులపాడు స్నేహితుడు కూడా పీహెచ్‌డీ కోసమే వెతుక్కుంటున్నాడు. పక్క కుర్చీలోంచి వంగి నేను రాసింది చదివాడు.

"ఇదేంట్రా, పెళ్లిసంబంధానికి రాసినట్టుంది. మీ ముత్తాత ఉన్నాడు, మీ తాత ఉన్నాడు. సీటెక్కడ అడిగావు?"

"అడగాలా? చదివినాయనకి తెలీదా?"

"తెలీదు. ఆ ప్రొటీన్ లెక్కల కోసం నువ్వు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం సంగతి చివర్లో ఒక్క ముక్క. ఆయన రీసెర్చ్ పేపర్ల ఊసే లేదు. నేనైతే ఇప్పటికి ఎంతమందిని అడుక్కున్నానో."

అడుక్కోవడం అన్న మాట వాడు నవ్వుతూనే అన్నాడు. నేను ఒక్క అక్షరం మార్చకుండా పంపాను.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. మీ కుటుంబం గురించి తెలిసి సంతోషం, నా నుంచి మీకేం కావాలో రాయండి అని రెండే వాక్యాలు. మర్యాదగానే రాశారు. నాకు మాత్రం తాతగారి గొంతు వినిపించింది. ఈసారి కింద నిలబడ్డది నేను.

బదులివ్వలేదు. కానీ సిమెంటు లారీల దుమ్ములో పేటకు వెళ్లి ఆ ల్యాబ్ పేజీ తెరిచి చూస్తూ కూర్చునేవాణ్ని. విద్యార్థులు వరసగా నిలబడ్డ ఫోటో ఒకటి ఉండేది. ఆ చివర కిటికీ పక్కన ఇంకొకరికి చోటుంది.

వేసవి వెళ్లి ఎండలు తగ్గాక రాశాను. నాకు ఆ స్థానం కావాలి, దయచేసి ఇవ్వండి అని. ఆ సాయంత్రమే జవాబు. అంతకు ముందు వారమే వేరొకరిని తీసుకున్నారట. ఇదే మాట మొదట రాసి ఉంటే పిలిచేవాడినన్నారు.

స్నేహితుడికి పూణేలో దొరికింది. బస్సెక్కుతూ, "వచ్చే ఏడు మళ్లీ అడగరా," అన్నాడు. ఆ మరుసటేడు బెంగుళూరు ల్యాబ్‌లో ఎవరినీ తీసుకోలేదు. నందిగామ కాలేజీలో లెక్చరర్ పని అడక్కుండానే వచ్చింది, చేరాను. పిల్లలు వెళ్లిపోయాక కంప్యూటర్ గదిలో ఆ ప్రొటీన్ తెరిచి, తిరుగుతుంటే చూసి ఇంటికి వస్తాను.

ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చినప్పుడు తాతగారి కుర్చీని నందిగామలో పాత సామాన్లు కొనే అతనికి అమ్మేశాం.