బిడ్డ గుండె డెబ్భై రెండు

వోర్‌స్క్లా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న కాన్పు ఆసుపత్రిలో మోత్ర్యా పావ్లివ్నా ముప్ఫై ఒక్క ఏళ్లుగా మంత్రసాని. ఆమె తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక చెక్క గొట్టం ఉంటుంది. ఒక కొస గర్భిణి పొట్టకు, ఒక కొస తన చెవికి. అందులో విన్నది ఇంకెవరికీ వినిపించదు. కాబట్టి నమ్మాలో వద్దో పెద్ద డాక్టరు ఇష్టం.

పెద్ద డాక్టరు ఓస్తప్ లూకిచ్‌కు గొట్టాలతో పనిలేదు. పొట్ట మీద అరచెయ్యి ఆనించి "తల కిందికే ఉంది" అంటాడు. నర్సు స్తేఫా కేసు షీటులో రాస్తుంది. నెలలు నిండాక నూటికి తొంభై ఆరుగురు బిడ్డలు తల కిందికే ఉంటారు. కాబట్టి ఆయన చెయ్యి నూటికి తొంభై ఆరుసార్లు తప్పదు. మిగతా నలుగురిదీ క్రమశిక్షణ లోపం.

ఆ సోమవారం మూడో మంచంలో యారీన ఉంది. పంచదార మిల్లులో పని, తొలి కాన్పు, తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. మోత్ర్యా గొట్టం ఆనించి వింది. బిడ్డ గుండె నిమిషానికి నూట నలభై. లెక్క బాగానే ఉంది. చోటే బాగాలేదు. తల కిందికి ఉన్న బిడ్డ గుండె బొడ్డుకు కింద వినిపించాలి. ఇది పైన వినిపించింది, అంటే తల పైకే ఉంది. తర్వాతి వాళ్లు వెతుక్కోకుండా ఎప్పటిలాగే అక్కడ గాయాలకు పూసే పచ్చమందుతో గుర్తు పెట్టింది.

"పిన్నీ, ఏమిటీ పచ్చబొట్టు?"

"నీ బిడ్డ చిరునామా."

"సరిగ్గానే ఉందా?"

"ఒక అంతస్తు పైన ఉంది."

యారీన నవ్వింది. మోత్ర్యా నవ్వలేదు. బిడ్డ పెద్దది, దారి ఇరుకు. పిరుదులు ముందొస్తే చివర తల చిక్కుకుంటుంది. కోసి తీయగలవాళ్లు పోల్తవా పట్నం పెద్దాసుపత్రిలో ఉన్నారు. అక్కడికి అంబులెన్సు కదలాలంటే ఓస్తప్ లూకిచ్ సంతకం కావాలి.

ఎనిమిదింటికి ఆయన రౌండ్లకు వచ్చాడు. వెనక స్తేఫా, ఇద్దరు చిన్న డాక్టర్లు.

"ఈ రంగులేమిటి?"

"బిడ్డ గుండె వినిపించే చోటండీ, ఓస్తప్ లూకిచ్."

"బొడ్డు పైనా? తల కిందికుంటే గుండె పైకెందుకు వస్తుంది?"

"నేనూ అదే అనుకుంటున్నానండీ."

"నీ చెవి ముసలిదైపోయింది, మోత్ర్యా. ఇలా తే ఆ గొట్టం."

గొట్టాన్ని ఆయన తిరగేసి పట్టుకున్నాడు. ఆమె సరిచేసి ఇచ్చింది. బొడ్డు కింద ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా నిమిషం విన్నాడు.

"ఇదిగో, గంట కొట్టినట్టు వినిపిస్తోంది. డెబ్భై రెండు! ఇంత నిదానమంటే మగపిల్లాడే. రాసుకో."

మోత్ర్యా అప్పటికే యారీన మణికట్టు పట్టుకుని ఉంది. అక్కడా డెబ్భై రెండే. అయితే రౌండ్లలో అడగనిదే మాట్లాడకూడదు, రాయమన్నది రాయాలి. స్తేఫా చేతిలోంచి కలం తీసుకుని తనే రాసింది. 'బిడ్డ గుండె డెబ్భై రెండు. స్వయంగా విన్నవారు పెద్ద డాక్టరు గారు.' ఆయన హుందాగా సంతకం చేశాడు. ఆమె ఇంకో కాగితం ముందు పెట్టింది.

"ఇదేమిటి?"

"అంబులెన్సు కాగితమండీ."

"ఎవరికి?"

"ఈ అమ్మాయికే. నూటపదికి తగ్గితే బిడ్డ ప్రాణం మీదికొచ్చినట్టే, తక్షణం పోల్తవాకు పంపాలి అని మీరే గోడకు అంటించారు కదండీ."

గోడ అక్కడే ఉంది. ఓస్తప్ లూకిచ్ దాన్ని శ్రద్ధగా చదివాడు. డెబ్భై రెండు బిడ్డదైతే బిడ్డ చస్తోంది, పంపాలి. తల్లిదైతే ఆయన విన్నది బిడ్డను కాదు. అప్పుడు బిడ్డ గుండె పచ్చబొట్టు దగ్గరే ఉంది, అప్పుడూ పంపాలి. షీటు పేజీలు నంబర్లు వేసి కుట్టి ఉంటాయి, చింపడానికి లేదు. రెండింట్లో తన పరువుకు తక్కువ ఖర్చయ్యేది ఏదో ఆయన త్వరగానే తేల్చుకున్నాడు.

"బిడ్డ క్షేమం కోసం" అని సంతకం పెట్టాడు.

స్ట్రెచరు మీంచి యారీన మోత్ర్యా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, నా బిడ్డ చచ్చిపోతోందా?"

"నిక్షేపంగా ఉంది తల్లీ. నూట నలభై. అక్కడ దిగగానే ఎదురుకాన్పు అని నువ్వే చెప్పు. కాగితం చదివితే వాళ్లు బెదిరిపోతారు."

సాయంత్రం పోల్తవా నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్ల, నాలుగు కిలోలు. పొట్టలో కూర్చునే ఉందట. తల్లీబిడ్డా క్షేమం. ఎవరు పసిగట్టారని సర్జను గారు అడుగుతున్నారు.

"మా పెద్ద డాక్టరు గారు" అని మోత్ర్యా ఫోను పెట్టేసింది.

స్తేఫాకు ఒళ్లు మండింది. "అదేం మాట మోత్ర్యా పావ్లివ్నా! ఇక ఆయన్ని పట్టగలమా?"

"ఏడో మంచం అమ్మాయికి బిడ్డ అడ్డంగా ఉంది" అంది మోత్ర్యా. "రేపు ఇంకో అంబులెన్సు సంతకం కావాలి, ఆయన మంచి హుషారులో ఉండాలి."