పొలిమేర దాటని అమ్మ

పక్కింట్లో ఎవరో అంబలి కాస్తున్నారు. రాత్రి కలిపిపెట్టిన రాగిపిండి తెల్లారేసరికి పులిసి, పొయ్యి మీద తుకతుక ఉడికేటప్పుడు వచ్చే ఆ పుల్లటి వాసన నాకు పడదు. ఒంటికి చలువ అని కోడలు గ్లాసులో పోసి ఇస్తుంది, నేను కుళాయి దగ్గర పారబోస్తాను. ఆ వాసన తగిలితే తిరుపతి గుర్తొస్తుంది, తిరుపతి వెనకే గంగజాతర, జాతర వెనకే మా అమ్మ చావు. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, సింగారించి రాయడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

డెబ్బయిల నాటి మాట. అప్పట్లో తిరుపతి రైల్వే స్టేషన్ బయట జట్కాలు బారులు తీరి ఉండేవి. వాటిలో ఒకటి మా నాయనది. రైలు దిగిన యాత్రికులను సత్రాలకు చేర్చడం ఆయన పని. మా పెంకుటింటి వాకిట్లో గుర్రం, గుర్రం పక్కనే అవ్వ నులకమంచం. ఎండలు ముదిరేకొద్దీ నానబెట్టిన ఉలవల వాసన, పచ్చిగడ్డి వాసన, అమ్మ మాల కట్టి అమ్మే మల్లెమొగ్గల వాసన, ఉప్పుకారం అద్దిన బెంగుళూరా మామిడికాయల వాసన అన్నీ కలిసిపోయి, ఇంట్లో ఏ మూల కూర్చున్నా అదే గాలి పీల్చేవాళ్ళం. మధ్యాహ్నాలు ఆడపిల్లలం అరుగు మీద చింతపిచ్చలు కుప్పపోసి, పక్కది కదలకుండా ఒక్కొక్కటే తీసే ఆట ఆడుతూ, కదిలింది కదల్లేదు అని కొట్టుకుంటూ పొద్దు గడిపేవాళ్ళం. మా అవ్వ నోరు మంచిది కాదు. గుర్రాన్ని తిట్టేది, కాకిని తిట్టేది, అందరికంటే ఎక్కువగా మా అమ్మను తిట్టేది. అమ్మ తల ఎత్తకుండా పూలు కట్టుకునేది.

జాతర ఒక మంగళవారం రాత్రి చాటింపుతో మొదలయ్యేది. వీధి వీధీ డప్పు కొట్టుకుంటూ వచ్చి చాటేవాళ్ళు. చాటింపు పడ్డాక, జాతర ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటకూడదు. దాటితే ఏమవుతుందో ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్ళు కాదు, గంగమ్మ తల్లి, ఆయమ్మ ఊరుకోదు అనేవాళ్ళు అంతే. మరుసటి రోజు నుంచి వేషాలు. మొదట ఒళ్ళంతా తెల్లసుద్ద పూసుకున్న బైరాగులు, తర్వాత ఎర్రగా కుంకుమ పూసుకున్న బండ వేషాలు, ఆ తర్వాత బొగ్గుపొడి పూసుకుని వేపమండలు పట్టుకున్న తోటి వేషాలు. వేషం కట్టినవాడు ఎంత బూతైనా తిట్టవచ్చు, ఎవరినైనా తిట్టవచ్చు, గుడి ముందు నిలబడి గంగమ్మనే తిట్టవచ్చు. ఏడాదంతా పెద్దల ముందు నోరెత్తని మగపిల్లలు ఆ రోజుల్లో గొంతు బొంగురుపోయేదాకా తిట్టేవాళ్ళు, తిట్లు తిన్నవాళ్ళు నవ్వుకుంటూ నీళ్ళిచ్చి పంపేవాళ్ళు. వారం చివర మగవాళ్ళు ఆడవేషం కట్టేవాళ్ళు. మా నాయన అమ్మ పెళ్ళిచీర చుట్టుకుని, రవిక చంకల్లో పిగిలిపోతే పైట కప్పుకుని, సవరానికి కనకాంబరాలు పెట్టుకుని, మీసం మాత్రం తీయనని మొండికేసేవాడు. అమ్మ ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నాకంటే నీకే బాగుండాది. రేపట్నించి సంగటి గూడా నువ్వే గెలుకు" అనేది. ఇంటింటా అంబలి, నంజుకోవడానికి చిన్నెర్రగడ్డలు, నూనెలో కాల్చిన నిప్పట్లు. అంతకు మించిన పండగ మాకు లేదు.

నాకు పదేళ్ళు ఉంటాయేమో, ఆ ఏడు అమ్మకు ఆయాసం పట్టుకుంది. గుర్రానికి దాణా పెట్టి వచ్చేలోపల గోడకు ఆనుకుని నిలబడేది. ఊళ్ళో ఆసుపత్రిలో చూసి, గుండెకాయలో ఏదో మూత సరిగా పడడం లేదు, రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. నాయన డబ్బు పోగుచేసి బయలుదేరడానికి ఒక రోజు అనుకున్నాడు. ఆ ముందు రాత్రే చాటింపు పడింది.

అమ్మ కదలనంది. జాతర కానీ, పోదాం అంది. నాయన బతిమాలాడు, కేకలు వేశాడు, పొలిమేర గొప్పదా పానం గొప్పదా అని అడిగాడు. ఎవరిని ఏ మాటా అనని మనిషి ఆ రోజు ఆయనకు ఎదురు చెప్పింది. నేను గడప మీద కూర్చుని విన్నాను.

"నాకేమన్నా అయితే అయినాది. నేను దాటినందుకు బిడ్డకేమన్నా అయితే? ఆయమ్మ ఊరికే ఉంటాదా?"

నాయన గుర్రం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అవ్వ ఆ ఒక్క రోజు ఏమీ తిట్టలేదు.

జాతర నడుమలోనే అమ్మ పోయింది. ఊరంతా డప్పులు మోగుతున్నాయి. మా వాకిట్లో మాత్రం మోగలేదు, జాతరలో చావుడప్పు కొట్టకూడదని పెద్దలన్నారు. ఎదురింటి ముందు అంబలి పోస్తుంటే ఆ వాసనలోనే అమ్మకు స్నానం చేయించారు. శ్మశానం పొలిమేర అవతల ఉండేది. బతికుండగా దాటనన్న మనిషిని నలుగురు మోసి దాటించారు. జాతర ఇంకా అయిపోలేదు, అయినా ఒక్కరూ అడ్డం చెప్పలేదు.

రాయవేలూరుకు పోయుంటే బతికేదా అంటే నాకు తెలియదు. అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. నాయన దేవుడి గూట్లో ఉన్న పటాలన్నీ తీసి దూలం మీద పెట్టేశాడు. స్టేషన్ నుంచి ఎవరైనా గంగమ్మ గుడికి బండి కట్టమంటే వేరే జట్కా చూపించేవాడు. నేను గుడి వీధిలో పోవలసి వస్తే మొహం అటు తిప్పుకుని పోయేదాన్ని. మా అమ్మ నా కోసమే ఆగింది. నాకేమీ కాకుండా చూసినందుకు ఆయమ్మకు నేను దండం పెట్టాలా? అమ్మను తీసుకున్నందుకు రాయి వేయాలా? అడిగేందుకు ఒక మనిషి లేదు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే అదే ఆలోచన గొంతుకు అడ్డం పడేది. బళ్ళోకి పంపుతామన్నవాళ్ళు ఆ మాట మరిచిపోయారు, పొయ్యి నా చేతికి వచ్చింది.

మరుసటి ఏడు మైల అని మాకు జాతర లేదు. ఆ తర్వాతి ఏడు చాటింపు పడితే నాయన తలుపు వేసుకున్నాడు. తోటి వేషం రోజు ఆయన బండి కట్టుకుని పోయాక, అవ్వ పొయ్యిలోని బొగ్గులు రోట్లో నూరి ఆముదంతో కలపడం మొదలుపెట్టింది. ఎవరికి అవ్వా అంటే నీకే అంది. ఆడపిల్లలు ఆ వేషం కట్టరు గదా అన్నాను.

"మొగోళ్ళు మూతిమీద మీసాలు పెట్టుకోని చీరలు గట్టుకుంటే లేని తప్పు నీకు వచ్చిందా? రెండేండ్లుగా లోపల కుములుకుంటా ఉండావు. పో, పొయి ఆయమ్మతోనే అడుగు."

మా చిన్నాయన కొడుకు నిక్కరు తొడిగి, జుట్టు పైకి కట్టి తువ్వాలు చుట్టి, మొహం, చేతులు, కాళ్ళు నల్లగా పూసేసింది. అద్దంలో నాకు నేనే దొరకలేదు. గుడి ముందు నాలాంటి నల్లటి పిల్లలు ఎందరో, ఎవరు ఎవరో తెలియదు. ముందు పిల్లలు తిట్టే బూతులే నేనూ తిట్టాను. జనం తోస్తే తలుపు దగ్గరికి వచ్చి పడ్డాను. పసుపు పూసిన ఆయమ్మ మొహం ఎదురుగా కనబడింది. బూతులు అయిపోయాయి. అప్పుడు నా సొంత మాటలు వచ్చాయి.

"ఏమే, నీ మాట జవదాటలేదే మాయమ్మ. బతికుండంగా దాటితే తప్పు, సచ్చినాక మోసకపోతే నీకు సరిపోయిందా? అప్పుడు యాడుండావే నువ్వు?"

చుట్టూ అందరూ తిడుతున్నారు గనక నా మాట ఎవరికీ విడిగా వినబడలేదు. చెంపల మీద బొగ్గు తడిసి నోట్లోకి కారింది. మళ్ళీ మళ్ళీ అదే అడిగాను. ఆ కళ్ళు అలాగే ఉన్నాయి. వెనకవాళ్ళు నన్ను పక్కకు తోసేశారు.

అవ్వ వీధి మొదట్లో కూర్చుని ఉంది. ఆయమ్మ ఏమన్నదని అడిగింది. ఏమీ అనలేదన్నాను.

"అనదు" అంది అవ్వ. "మీయమ్మను గూడా నేను ఇట్లే తిడితిని. అదీ ఏమీ అనలే."

లేచి ఇంటి దారి పట్టాం. అవ్వ నా చేయి పట్టుకుని నడిచింది, ఆమె చేయి కూడా నల్లబడింది. ఇంటికొచ్చి సీకాయతో ఎంత రుద్దినా చెవుల వెనక నలుపు చాలా రోజులు పోలేదు. మనసు తేలికపడిందని రాస్తే అబద్ధం. కాని ఆ రాత్రి అన్నం గొంతు దిగింది. అంతదాకా గుడిలో ఉన్నది ఒట్టి రాయి అనుకోవాలని చూస్తూ ఉన్నాను. అంతసేపు తిట్టి వచ్చాక రాయి అనుకోవడం కుదరలేదు.

నాయనకు ఆ దారి దొరకలేదు. ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాయి, గుర్రాన్ని అమ్మేశాడు. దూలం మీది పటాలు దించకుండానే పోయాడు. అంతకు ముందే అవ్వ పోయింది. తిట్టేవాళ్ళు లేని ఇల్లు ఎంత చప్పగా ఉంటుందో అప్పుడు తెలిసింది. నేను ఏ వ్రతమూ చేయలేదు, ఏ మొక్కూ మొక్కలేదు. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, జాతర వస్తే మాత్రం వెళ్ళి ఆయమ్మ ఎదుట నిలబడి, నోట్లో నోట్లోనే అడగవలసింది అడిగి వస్తున్నాను. నాకున్న భక్తి ఇదే. ఇది భక్తి కాదని ఎవరైనా అంటే వాదించను.

ఇప్పుడు జాతరకు లైట్లు, మైకులు, అద్దెకిచ్చే వేషాలు. బూతులు తిట్టేవాళ్ళు తగ్గారు, సెల్‌ఫోన్లో ఫోటో తీసుకునేవాళ్ళు పెరిగారు. చాటింపు పడిన రాత్రి కూడా మద్రాసు బస్సులు నిండుగానే పోతాయి. పొలిమేర ఎక్కడ అని అడిగితే చూపించేవాడు లేడు. ఊరు అటు రేణిగుంట దాకా పాకింది, ఇటు శ్మశానాన్ని దాటి ఇళ్ళు లేచాయి. మా అమ్మ దేని కోసం ఆగిందో ఆ గీత ఇప్పుడు ఏ ఇంటి కిందనో ఉంటుంది.

పోయిన జాతరలో నా పక్కన నిలబడిన చిన్నామె నా పెదాలు కదలడం చూసి, ఏమి మొక్కుకున్నావు పెద్దమ్మా అని అడిగింది. ఏమీ మొక్కుకోలేదన్నాను. ఇంత వయసులో, ఇంత ఎండలో, ఊరికే ఎందుకొచ్చావని అడిగింది.

"కోపం ఇంకా తీరలేదు పాపా. దానికే వస్తా ఉండాను" అన్నాను.